వానలో నవ్విన మెల్పో

కిందటి వారం మెల్పోను రొట్టెల దుకాణం ముందు వదిలి వచ్చాం. తలుపు మీద తన చేత్తో అంటించిన కాగితాన్ని తనే చింపేయాలా వద్దా అని తేల్చుకోలేక అక్కడే నిలబడి ఉంది. అందులో ఉన్నవి రెండు ముక్కలే: "షేర్లు కొనడం, అమ్మడం నేర్పుతాను. బుధవారం పొద్దున, థ్రాసోస్ కొట్లో." ఆ రెండు ముక్కలకే గ్రీసు దేశపు వోలోస్ రేవంతా అట్టుడికిపోయింది. పదేళ్ళుగా మేడ మీద గదిలో కూర్చుని ఏవో తర్జుమాలు చేసుకుంటోందనుకున్న మనిషి, నిజానికి షేర్ల బేరం మీద బతుకుతోందని, బతకడమేమిటి, బాగానే వెనకేసుకుందని ఊరికి ఒక్కసారిగా తెలిసిపోయింది. కాఫీ కొట్లో ముసలి జాలరి, అందరూ బార్బా, అంటే బాబాయి, అని పిలిచే అర్గిరిస్ బల్ల గుద్ది మరీ అన్నాడు: "వెళ్తాను. ఒక్క ప్రశ్న అడుగుతాను. దానికి జవాబు చెప్పలేకపోయిందా, ఈ రేవులో ఎవడూ ఆ పిల్లకి బెంచీ వేయకూడదు. థ్రాసోస్, నీకే చెబుతున్నా!"

మెల్పో కాగితం చింపలేదు. బుధవారం రానే వచ్చింది.

మామూలుగా మధ్యాహ్నం దాకా సిపురో, అంటే ద్రాక్ష సారా, అమ్మే ఆ కొట్టులో ఈగలు తప్ప ఎవరూ ఉండరు. ఆ పొద్దున మాత్రం మెల్పో తలుపు తోసేసరికి లోపల కాలు పెట్టే సందు లేదు. బల్లల చుట్టూ మనుషులు, సీసాల పెట్టెల మీద మనుషులు, వంటగది గుమ్మంలో కూడా మనుషులు. కొట్టు యజమాని థ్రాసోస్, మెల్పో వాళ్ళమ్మకు పినతల్లి కొడుకు, చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు. మనిషి పీపాలా ఉంటాడు గానీ కాళ్ళు మాత్రం పిల్లి కాళ్ళు.

"చూశావా నీ పుణ్యం!" అన్నాడు చెవిలో. "మా అమ్మాయి పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు. అప్పుడు భోజనం ఉచితం కూడాను."

"మావయ్యా, నేను చెప్పింది సిద్ధం చేశావా?"

"వంటగదిలో ఉంది. ఎవరినీ మూత కూడా తియ్యనివ్వలేదు. నన్ను నేనే అదుపు చేసుకోలేక చస్తున్నాను."

ముందు వరసలో ఫిలియో కూర్చుంది. జుట్టు కత్తిరించే కొట్టు ఆమెది. ఆర్నెల్లుగా మెల్పో జుట్టు కత్తిరిస్తూ, ఒక్కో ప్రశ్న అడుగుతూ, ఊళ్ళో ఎవరికీ తెలియకముందే మొదటి శిష్యురాలైపోయింది. ఈ కాగితం అంటించమని పోరు పెట్టింది కూడా ఆమే. పక్కన కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన ప్రోద్రోమోస్, పెళ్ళికొచ్చినట్టు టై కట్టుకుని. గది నట్టనడుమ, ఎవరూ పంచుకోని బల్ల దగ్గర, మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని బార్బా అర్గిరిస్.

మెల్పో గొంతు సవరించుకుంది. రాత్రంతా అద్దం ముందు నిలబడి వల్లించిన మాటలు నాలుక చివరికి వచ్చాయి. అవి బయటపడేలోగా అర్గిరిస్ లేచి నిలబడ్డాడు.

"అమ్మాయీ! మీ నాన్న నాతో పాటు వల లాగినవాడు. నిన్ను చిన్నప్పుడు భుజాన మోశాను. అందుకని తిట్టను. అడుగుతాను."

"అడుగు బార్బా."

"నీ ఇంట్లో బంగారు గుడ్లు పెట్టే బాతుంది. సరే, సంతోషం. రోజూ గుడ్డు పెడుతోంది, నువ్వు తింటున్నావు. మరి ఆ బాతు ఏం మేస్తుందో ఊళ్ళో అందరికీ పిలిచి చెప్పాల్సిన అవసరం నీకేమొచ్చింది?"

గదిలో ఎక్కడో ఒకరు "అదీ మాట!" అన్నారు. ఇంకొకరు గట్టిగా తలూపారు. ప్రశ్న అర్గిరిస్‌ది ఒక్కడిదీ కాదని, ఆ తలలన్నిటిలోనూ అదే తిరుగుతోందని మెల్పోకు తెలిసిపోయింది.  అద్దం ముందు అందంగా వినిపించిన వాక్యం తటాలున బయటికొచ్చింది.

"మన ఊరికి ఏదైనా మేలు చేద్దామని..."

"ఆగు!" అన్నాడు అర్గిరిస్. గొంతు పెద్దది చేయలేదు. అదే భయపెట్టింది. "సరిగ్గా ఆ మాటే అన్నాడు వ్లాసిస్ కరదీమాస్."

ఆ పేరు వినగానే గది బిగుసుకుపోయింది. తొంభై తొమ్మిదిలో ఏథెన్స్ నుంచి తెల్ల సూటు వేసుకుని వచ్చిన మనిషి. సముద్రం పక్క హోటల్లో ఊరందరినీ కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, పాఠాలు చెప్పాడు. ఏ కంపెనీ షేరు కొనాలో పేరు పెట్టి మరీ చెప్పాడు. ఊరు ఎగబడి కొంది. అమ్మినవాడు ఎవడో తర్వాత గానీ తెలియలేదు. ఆ మాస్టారే.

"నా ఆయియా మరీనాని అమ్మేశాను," అన్నాడు అర్గిరిస్. అది దేవత పేరు, ఆయన పడవ పేరు కూడా. "మా నాన్న చెక్కిన పడవ. ఆరు నెలల్లో ఆ షేరు కాగితాలు చేపలు చుట్టుకోడానికి కూడా పనికిరాకుండా పోయాయి. పాఠం చెప్పినవాడు మాత్రం బాగానే ఉన్నాడుట. అందుకే అడుగుతున్నా. తెలిసినవాడు ఊరికే ఎందుకు నేర్పుతాడమ్మా? నేర్పితే వాడికేమిటి?"

మెల్పో బల్ల అంచు పట్టుకుంది. వల్లించినదంతా ఎగిరిపోయింది. మంచిదే అయింది. ఇక మిగిలింది నిజమే.

"మేలు చేద్దామని కాదు బార్బా," అంది. "అది అబద్ధం. అంటే పూర్తి అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అది కాదు. అసలు సంగతి చెబితే మీరంతా నవ్వుతారు."

"నవ్వించు. నవ్వి చాలా రోజులైంది."

"రెండేళ్ళ కిందట నవంబరులో ఒక రోజు, నా బతుకులో అంత లాభం ఎప్పుడూ రాలేదు. నెలల తరబడి కాచుకుని కూర్చున్న బేరం. పేపర్లలో ఎవరు ఎన్ని రాసినా కదలకుండా, నా లెక్క మీద నేను నిలబడి, సరైన ఘడియలో అమ్మేశాను. కుర్చీలోంచి లేచి వంటగదిలో గంతులేశాను. నిజంగానే, ఒక్కదాన్నే, చేతిలో గరిటె పట్టుకుని. తర్వాత ఫోను తీశాను, ఎవరికైనా చెబుదామని."

ఆగింది. ఫోను పట్టుకున్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టి చూపించింది.

"ఎవరికి చెప్పను? డబ్బొచ్చిందని చెబితే మీకు అసూయ, లేకపోతే అనుమానం. అదీ కాదు. నాకు చెప్పుకోవాలనిపించింది డబ్బు సంగతి కాదు. ఎలా కాచుకున్నానో, ఎక్కడ భయపడ్డానో, ఎక్కడ దాదాపు తప్పు చేసి తమాయించుకున్నానో, అదీ చెప్పాలి. ఆ మాట అర్థమయ్యే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. మెట్లు దిగి రేవు దాకా వెళ్ళాను. నవ్వు ఆగడం లేదు. రొట్టెల దుకాణం చూరు కింద నువ్వు నిలబడి ఉన్నావు బార్బా. 'ఏంటమ్మాయీ అంత నవ్వుతున్నావ్?' అన్నావు. నేను, 'ఏం లేదు, వాతావరణం బాగుంది' అన్నాను."

అర్గిరిస్ కనుబొమలు పైకి లేచాయి. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"కుండపోత వాన!" అని అరిచాడు. "గుర్తుంది! ఆ రోజు రేవులో పడవలు మునిగేంత వాన! నువ్వు గొడుగు కూడా లేకుండా, నెత్తిన నీళ్ళు కారుతుంటే పళ్ళికిలిస్తూ, వాతావరణం బాగుందన్నావ్! ఒరే థ్రాసోస్, నేను నీ దగ్గరికొచ్చి ఏం చెప్పాను?"

"మా చెల్లెలి కూతురికి పిచ్చి పట్టిందని చెప్పావు," అన్నాడు థ్రాసోస్. "నేను కొవ్వొత్తి కూడా వెలిగించాను చర్చిలో. పెద్దది."

గది గదంతా ఫక్కుమంది. ప్రోద్రోమోస్ కూడా టై సర్దుకుంటూ నవ్వాడు. మెల్పోకు ఆ నవ్వులో తన నవ్వు కూడా కలిసిపోయింది. రెండేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్న ఎముక జారిపోయినట్టయింది.

"నాకు ఈ విద్య నేర్పినాయన కిర్ అర్తీన్, మన అర్తీన్ గారు, దూది వ్యాపారం చేసిన ఆర్మేనియా పెద్దాయన," అంది. "అప్పటికే చనిపోయాడు పాపం. నీ ప్రశ్నే నేనూ ఆయన్ని అడిగాను బార్బా, మీకేం లాభం అని. 'నీకు పెద్ద లాభం వచ్చిన రోజున నీకే తెలుస్తుంది' అన్నాడు. ఆ వానలో తెలిసింది. నష్టమొస్తే ఏడవడానికి మనిషి అక్కర్లేదు, దిండు చాలు. లాభమొస్తే మాత్రం మనిషి కావాలి."

ఫిలియో ముక్కు చీదింది. ఆమెకు పెళ్ళి పాటలకు కూడా ఏడుపొస్తుంది.

"ఇంకోటి కూడా ఉంది, స్వార్థమే," అంది మెల్పో. ఇప్పుడు మాటలు వాటంతటవే వస్తున్నాయి. "పడే కొమ్మ కింద చెయ్యి పెట్టొద్దని ఫిలియోకి వంద సార్లు చెప్పాను. పడిపోతున్న షేరుని చవగ్గా వస్తోంది కదాని కొంటూ పోవద్దని. కిందటి నెలలో నేనే ఆ పని చేయబోయాను. వేలు మీట మీద ఉంది. అప్పుడు ఫిలియో మొహం కనబడింది, కత్తెర పట్టుకుని నా వైపు చూస్తున్నట్టు. చెయ్యి తీసేశాను. ఒకళ్ళకి నేర్పితే మనకి మనం కాపలా పెట్టుకున్నట్టే. నేర్పినదానికి విరుద్ధంగా చేయాలంటే సిగ్గేస్తుంది."

"నేను ఇంత పనికొస్తానని మా ఆయనకి చెప్పండి ఎవరైనా!" అంది ఫిలియో కళ్ళు తుడుచుకుంటూనే.

అర్గిరిస్ ఇంకా నిలబడే ఉన్నాడు. నవ్వాడు గానీ లొంగలేదు. వేలు పైకెత్తాడు.

"అంతా బాగుంది. కానీ చేపలు ఎక్కడ దొరుకుతాయో నేను నా తమ్ముడికి కూడా చెప్పలేదు. వాడు చచ్చేదాకా నా పడవ వెనక దొంగచాటుగా వచ్చేవాడు. నువ్వు నీ చోటు చెప్పేస్తావా? అందరూ అక్కడే వల వేస్తే నీకేం మిగులుతుంది?"

"చోటు చెప్పను," అంది మెల్పో.

గదిలో గుసగుస లేచింది.

"ఏ షేరు కొనాలో ఈ గదిలో నా నోట పేరు రాదు. ఒకవేళ ఎప్పుడైనా 'ఇది కొనండి' అన్నానా, నన్ను ఎత్తి రేవులో పడెయ్యండి."

"ఇప్పుడు నీళ్ళు చల్లగా ఉంటాయి," అన్నాడు థ్రాసోస్ కంగారుగా. "మే నెల దాకా ఆగితే..."

"మరి ఏం చెబుతావ్?" అన్నాడు అర్గిరిస్.

"బార్బా, చోటు నువ్వు ఎవరికీ చెప్పలేదు, నిజమే. మరి ఈ రేవులో పిల్లలందరికీ గాలి చూడడం నేర్పింది ఎవరు? కొండ మీద మబ్బు ఏ రంగులో ఉంటే తెరచాప దించాలో, ఎప్పుడు వల వదిలేసైనా ఒడ్డుకు రావాలో? మా మావయ్యకి తెడ్డు వేయడం నేర్పింది ఎవరు?"

"నేనే. మహా మొద్దు. ఆర్నెల్లు పట్టింది."

"నీకేం ఒరిగింది? డబ్బు తీసుకున్నావా?"

"డబ్బేంటి! నేర్పకపోతే మునిగి చచ్చేవాడు కదే, ఈ పీపాగాడు!"

అని అనేశాక అర్గిరిస్ ఆగిపోయాడు. తన మాట తన చెవిన పడింది. గదిలో ముందు ఒకరు, తర్వాత ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టారు. థ్రాసోస్ చేతులు పైకెత్తి, "మునగలేదు సోదరులారా, తేలుతున్నాను!" అని పొట్ట చరుచుకున్నాడు.

ముసలాయన మెల్లగా కూర్చున్నాడు. టోపీ మోకాలి మీంచి తీసి బల్ల మీద పెట్టాడు. "సరే," అన్నాడు. "ఉంటాను. పాఠం కానీ. థ్రాసోస్, ఒక సీసా ఇలా తే. సోంపు వెయ్యనిది."

"పాఠం అయ్యాకే సీసా," అంది మెల్పో. "మావయ్యా, మూత తియ్యి."

థ్రాసోస్ వంటగదిలోకి మాయమై, ఒకే ఒక పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్. నూనె, వెనిగర్ ఇంకా మెరుస్తున్నాయి. ఆ వాసనకు గదిలో ఉన్న నాలుకలన్నీ ఒక్కసారి తడిశాయి. వెనకే ఆయన భార్య వచ్చి అందరి దోసిళ్ళలోనూ తలా పిడికెడు ఆలివ్ కాయలు పోసింది.

"ఇవాళ మీ డబ్బు ఇదే," అంది మెల్పో. "పళ్ళెం ఎవరైనా కొనొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. పాఠం ముగిసేసరికి పళ్ళెం చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని తినొచ్చు. ఆలివ్‌లు మిగిలినవాళ్ళకి ఆలివ్‌లు. అంతే."

మొదట అంతా సిగ్గుపడ్డారు. ఫిలియో రెండు ఆలివ్‌లిచ్చి పళ్ళెం తీసుకుని, వాసన చూసి, మూడింటికి పక్కావిడకు అమ్మేసింది. పక్కావిడ నాలుగింటికి. అంతలో థ్రాసోస్ కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టు నటిస్తూ అరిచాడు: "అయ్యో! ఆక్టోపస్ పడవ ఇవాళ రాదుట! ఇంక ఊళ్ళో ఉన్నది ఇదొక్కటే!"

అంతే, కొట్టు సంతైపోయింది. బెంచీల మీదకెక్కి అరిచేవాళ్ళు, ఆలివ్‌లు గాలిలో ఊపేవాళ్ళు. పళ్ళెం ఎవరి చేతిలో ఉందో కనబడ్డమే కష్టమైపోయింది. ప్రోద్రోమోస్ టై వదులు చేసుకుని బల్ల మీద కొట్టి మరీ బేరం చేశాడు. అందరికన్నా ఎక్కువిచ్చి పళ్ళెం కొట్టేశాడు. కొట్టేసి, అర్గిరిస్ వైపు తిరిగి, నోరంతా తెరిచి నవ్వాడు. కస్టమ్స్‌లో ఉన్న రోజుల్లో ఆ మనిషి అర్గిరిస్ పడవను సోదా చేయని వారం లేదు.

అంతదాకా చేతులు కట్టుకుని కూర్చున్న ముసలాయన మొహం ఎర్రబడింది.

"ఎంతకిస్తావురా దాన్ని?"

"నీ దగ్గరున్నవి సరిపోవులే బార్బా."

అర్గిరిస్ తన పిడికెడూ బల్ల మీద పోశాడు. చాలలేదు. పక్కవాడి చేతిలోవి లాక్కుని, "తర్వాత ఇస్తాలే!" అంటూ పోశాడు. ఎదుటావిడ ఒడిలోవి కూడా. "ఇంక మాట్లాడకు, ఇటు పడెయ్!" అని పళ్ళెం గుండెలకు అదుముకున్నాడు. చొక్కా మీద నూనె కారింది. జెండా పాతినవాడిలా చుట్టూ చూశాడు.

అప్పుడు వంటగది తలుపు బార్లా తెరుచుకుంది. థ్రాసోస్, ఆయన భార్య, చేతుల మీదా మోచేతుల మీదా పళ్ళాలే పళ్ళాలు. అన్నీ ఆక్టోపస్‌లే. పొగలు కక్కుతూ బల్ల బల్లకీ ఒక పళ్ళెం దిగింది.

"పడవ వచ్చేసిందోయ్!" అని పాడాడు థ్రాసోస్. "అందరికీ ఉచితం!"

గది గొల్లున నవ్వింది. ఫిలియో నవ్వలేక పొట్ట పట్టుకుని కింద కూర్చుంది. అర్గిరిస్ ఒక్కడే నవ్వలేదు. గుండెలకు హత్తుకున్న పళ్ళెం వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఒక్కొక్కరే అది గమనించి నవ్వు ఆపేశారు.  పాతికేళ్ళ పుండును ఊరి మధ్యలో కెలికానా అనుకుంది మెల్పో.

"అచ్చం ఇలాగే," అన్నాడు ముసలాయన మెల్లిగా. "అచ్చం ఇలాగే జరిగిందే అమ్మాయీ."

ఆమె పక్కకు వెళ్ళి కూర్చుంది. "బార్బా..."

"పాతికేళ్ళు ఆ వ్లాసిస్‌ని తిట్టాను. వాడు దొంగే. వాడు మాస్టారు కాదు, గాలమేసి కూర్చున్నవాడు. ఇప్పుడూ తిడతాను. కానీ ఈ పళ్ళెం నా చేత కొనిపించింది ఎవరు? వ్లాసిసా? కాదు. ఆ వెధవ నవ్వు!" ప్రోద్రోమోస్ వైపు వేలు చూపించాడు. "అప్పుడూ అంతే. వీడు కొన్నాడు. కొని కాఫీ కొట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వీడికన్నా నేనేం తక్కువని పరిగెత్తాను. ఆకలేసి కొనలేదు నేను. కుళ్ళుకుని కొన్నాను!"

"నేను మాత్రం?" అన్నాడు ప్రోద్రోమోస్. టై ఎప్పుడు ఊడిపోయిందో ఆయనకే తెలియదు. "మా బావమరిది కొన్నాడని కొన్నాను. మా వేసవి ఇల్లు పోయింది. నీకెప్పుడూ చెప్పలేదు."

ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అర్గిరిస్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని మెల్పో చెయ్యి వేయబోయింది. ఏడుపు కాదు. లోపల ఎక్కడో అడుగున పుట్టి, దగ్గులా పైకొచ్చి, చివరికి కొట్టు అద్దాలు అదిరేలా పగిలిన నవ్వు. ప్రోద్రోమోస్ అందుకున్నాడు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఊపిరందక, కన్నీళ్ళు కారుతుండగా నవ్వారు. చూసేవాళ్ళకు ఎందుకో తెలియకుండానే మళ్ళీ నవ్వొచ్చింది.

"తింటావా?" అన్నాడు అర్గిరిస్ పళ్ళెం ముందుకు తోసి. "ఊళ్ళోకెల్లా ఖరీదైన ఆక్టోపస్!"

మెల్పో ఆ ఇద్దరినీ చూసింది.  ఆనాటి వానలో నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా ఒంటరిగా నవ్విన నవ్వు గుర్తొచ్చింది. అది లాభం. ఇది ఏమిటో పేరు తెలియలేదు గానీ, దాని ముందు అది దిగదుడుపే అనిపించింది. కిర్ అర్తీన్ తనకు పాఠం చెప్పేటప్పుడు మధ్యమధ్యలో కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తను నవ్వుకునేవాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

సీసాలు తెరిచారు. సోంపు వేసినవి, వేయనివి. చిన్న చేపలు వేగాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు. అర్గిరిస్ ఒక్క గ్లాసే తాగి లేచాడు. మెల్పో తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. గడ్డం గుచ్చుకుంది.

"ప్రశ్నకి జవాబు దొరికిందే తల్లీ," అన్నాడు. "వచ్చే బుధవారం ముందు వరస నాది. ఆ టై వెధవని వెనక కూర్చోబెట్టు."

టోపీ నెత్తిన పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఎండలోకి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక కాసేపటికి మెల్పో గరిటెతో గ్లాసు మీద కొట్టింది. "ఒక్క ముక్క, మర్చిపోయాను. ఇవాళ్టి పాఠంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఏది పోతే మీకు తిండి సహించదో, ఏది పోతే తల మీద కప్పు ఉండదో, అది ఎప్పుడూ ఈ ఆటలో పెట్టకూడదు. ఆలివ్‌లు పెట్టండి. ఇల్లు పెట్టకండి. అందరూ అనండి."

"ఆలివ్‌లు పెడతాం! ఇల్లు పెట్టం!" అని గ్లాసులెత్తి కోరస్‌గా అరిచారు.

ఆ అరుపు ఇంకా ఆగకముందే తలుపు దభాలున తెరుచుకుంది. గుమ్మంలో అర్గిరిస్ భార్య అసిమినా. పిండి అంటిన చేతులు, కాళ్ళకు ఇంటి చెప్పులు, నెత్తి మీద ముసుగు సగం జారి ఉంది. రొప్పుతోంది.

"ఎక్కడే మెల్పో? ఏం నేర్పావే మా ఆయనకి?"

ఎత్తిన గ్లాసులు కిందికి దిగాయి.

"పాతికేళ్ళు ఈల వెయ్యని మనిషి! ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. దాంతోనే నాకు దడ పుట్టింది. పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా తొడుక్కున్నాడు. పెట్టె అడుగునుంచి ఇంటి కాగితాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎక్కడికయ్యా అంటే, 'బ్యాంకుకే, పాఠం అర్థమైంది' అని నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు!"

మెల్పో చేతిలోని గరిటె నేల మీద పడింది. ఇల్లు పెట్టొద్దన్న ఆ ఒక్క ముఖ్యమైన ముక్కా వినకుండా వెళ్ళింది ఈ గదిలో ఒకే ఒక్క మనిషి.

"బ్యాంకు ఎన్నింటికి మూస్తారు?" అంది.

"రెండింటికి," అన్నాడు థ్రాసోస్ గోడ గడియారం వంక చూస్తూ. "అంటే, ఇప్పుడే."

ఆమె కోటు కూడా తీసుకోలేదు. రేవు వెంట పరిగెత్తింది. వెనక ఫిలియో, ఫిలియో వెనక ప్రోద్రోమోస్, ఆయన వెనక చెప్పులు చేత్తో పట్టుకుని అసిమినా. వలలు ఆరబెట్టుకుంటున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. బ్యాంకు మలుపు తిరిగేసరికి కాపలా మనిషి లోపలినుంచి తలుపుకు తాళం తిప్పుతున్నాడు. మెల్పో అద్దాన్ని రెండు చేతులా బాదింది. అతను గోడ మీది వేళలు చూపించి, తల అడ్డంగా ఊపాడు.

అద్దం అవతల, చివరి బల్ల దగ్గర అర్గిరిస్ కనబడ్డాడు. పెళ్ళి చొక్కాలో నిటారుగా, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ఎదురుగా అధికారి నవ్వుతూ వేలితో సంతకం పెట్టాల్సిన చోటు చూపిస్తున్నాడు.

"బార్బా! వద్దు! బార్బా!"

చప్పుడుకి ముసలాయన తల తిప్పాడు. ఆమెను గుర్తుపట్టి మొహం వెలిగిపోయింది. అధికారికి ఆమెను చూపిస్తూ ఏదో గర్వంగా చెప్పాడు. కలం ఉన్న చెయ్యి పైకెత్తి సంతోషంగా ఊపాడు. తర్వాత కాగితం మీదికి వంగాడు.